నక్క తోక తొక్కి గెలిచారా? లెస్టర్ సిటీ 2015-16 సీజన్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్టు గుర్తు నక్క. అభిమానులు వాళ్లను 'ఫాక్సెస్' అనే పిలుస్తారు. కాబట్టి 2016 మే నెలలో వాళ్లు ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు మా గ్రౌండ్‌లో పేలిన మొదటి జోకు ఏమిటో మీరే ఊహించుకోవచ్చు. "నక్కలే నక్క తోక తొక్కాయి సార్!" నేనూ నవ్వాను. కొన్నాళ్లకు అదే మాట జోకు పోయి సిద్ధాంతమైపోయింది. అప్పటి నుంచి నాకు చిరాకు.

నా పని కుర్రాళ్లకు ఫుట్‌బాల్ కోచింగ్ ఇవ్వడం. సాయంత్రం గ్రౌండ్, రాత్రి ల్యాప్‌టాప్. మ్యాచ్ వీడియోలు ముక్కలుగా కోసి, ఏ క్షణంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆపి ఆపి చూస్తుంటాను. లెస్టర్ ఆ సీజన్‌లో ఆడిన మ్యాచ్‌లు ఎన్నిసార్లు తిప్పి చూశానో మా ఇంట్లోవాళ్లను అడిగితే చెప్తారు. కోచింగ్‌కు వచ్చే పిల్లలు, వాళ్ల నాన్నలు, ఒక్కోసారి తోటి కోచ్‌లు కూడా ఆ సీజన్ గురించి చెప్పే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను. అన్నట్టు, అది లీసెస్టర్ కాదు, లెస్టర్. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను నమ్మకండి.

అపోహ: అంతా అదృష్టమే. 5000కి 1 అని బుకీలే అన్నారు కదా!

సీజన్ మొదట్లో లెస్టర్ గెలుస్తుందని పది పౌండ్లు కాస్తే యాభై వేలు ఇస్తామన్న మాట నిజమే. కానీ అది బుకీ పెట్టిన ధర మాత్రమే. ఆ పందెం ఎలాగూ ఎవరూ కాయరు, కాసినా సరదాకి ఐదో పదో వేస్తారు అన్న ధీమాతో పెట్టిన ధర. ఐదు వేల సీజన్లకు ఒకసారి జరిగే సంగతా అని ఎవరూ కూర్చుని లెక్కగట్టలేదు. ఇంగ్లండ్‌లో లీగ్ మొదలైందే 1888లో. పైగా ఇలాంటివి అక్కడ అంతకుముందూ జరిగాయి. ఇప్స్విచ్ టౌన్ 1962లో, లెస్టర్‌కు పొరుగునే ఉన్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1978లో, కింది డివిజన్ నుంచి పైకి వచ్చిన మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచాయి.

ఇంకొకటి. మనకు ఐపీఎల్ అలవాటు కాబట్టి ప్లేఆఫ్స్‌లో రెండు మూడు మంచి రోజులు కలిసొస్తే కప్పు వచ్చేస్తుందన్న ఆలోచన ఉంటుంది. ఈ లీగ్‌లో ప్లేఆఫ్స్ లేవు, ఫైనల్ లేదు. 20 జట్లు, ప్రతి జట్టుతో సొంతగడ్డ మీద ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి, మొత్తం 38 మ్యాచ్‌లు. ఆగస్టు నుంచి మే దాకా సాగే ఆట. అందులో లెస్టర్ 23 గెలిచి, 12 డ్రా చేసుకుని, మూడే ఓడింది. 81 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్ కంటే 10 ఎక్కువ.

అసలు కథ ఆ ఆగస్టులో మొదలవలేదు. 2015 ఏప్రిల్ మొదట్లో ఈ జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. కింది డివిజన్‌కు పోవడం ఖాయమనుకున్నారు. అక్కడి నుంచి మిగిలిన తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచి, ఒకటి డ్రా చేసుకుని 14వ స్థానంలో నిలిచింది. ఆ తొమ్మిదీ ఈ 38తో కలపండి: 13 నెలల్లో 47 లీగ్ మ్యాచ్‌లు, ఓడినవి నాలుగే. నక్క తోక ఎంత పొడుగున్నా అంత దూరం రాదు.

అదృష్టం అసలు లేదా అంటే, ఉంది. ఎక్కడ ఉందో సరిగ్గా చెప్పుకోవాలి, అంతే. గాయాలు చాలా తక్కువ. కెప్టెన్ వెస్ మోర్గాన్, గోల్‌కీపర్ కాస్పర్ ష్మైకేల్ 38 మ్యాచ్‌లూ ఆడారు. యూరప్ టోర్నీలు లేవు, రెండు దేశవాళీ కప్పుల నుంచి త్వరగానే బయటపడ్డారు. దాంతో ఏడాది మొత్తానికి ఆడినవి 43 మ్యాచ్‌లే. వారం మధ్యలో విమానాలెక్కి వేరే దేశాల్లో ఆడొచ్చే జట్లకు ఈ విశ్రాంతి దొరకదు. పెనాల్టీలు కూడా లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 13 వచ్చాయి. వాటిలో మూడు పోగొట్టుకున్నారు, అది వేరే సంగతి. పెనాల్టీలను మాత్రం నేను అదృష్టం ఖాతాలో వేయను. బాక్స్‌లోకి, అంటే గోల్ ముందు గీతలు గీసిన చోటికి, అంత వేగంగా దూసుకొచ్చేవాడిని ఆపాలంటే డిఫెండర్ ఎక్కడో ఒకచోట కాలు అడ్డం పెట్టక తప్పదు.

అపోహ: గోల్ ముందు గోడ కట్టుకుని కూర్చున్నారు

ఆ సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్లు వరసగా మాంచెస్టర్ సిటీ 71, టాటెన్‌హామ్ 69, లెస్టర్ 68. గోడ కట్టుకుని కూర్చున్నవాళ్లు మూడో స్థానంలో ఉండరు.

సీజన్‌ను సరిగ్గా మధ్యకు కోసి చూస్తే నాకు రెండు వేర్వేరు జట్లు కనిపిస్తాయి. మొదటి 19 మ్యాచ్‌ల్లో కొట్టినవి 37, తిన్నవి 25. తర్వాతి 19లో కొట్టినవి 31, తిన్నవి 11 మాత్రమే. మొదటి తొమ్మిది మ్యాచ్‌ల్లో అయితే ఒక్కసారి కూడా గోల్ తినకుండా బయటపడలేదు, మొత్తం 17 తిన్నారు. సెప్టెంబరు 26న సొంతగడ్డ మీద ఆర్సెనల్ చేతిలో 5-2తో ఓడాక కోచ్ క్లాడియో రానియేరి డిఫెన్స్‌లో రెండు అంచుల్లో ఆడే ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లనూ మార్చాడు. డానీ సింప్సన్, క్రిస్టియన్ ఫుక్స్ వచ్చారు. (ఫుక్స్ అంటే జర్మన్‌లో నక్కే. ఈ జట్టుకు రాసిపెట్టి ఉన్నాడు.) కొత్తగా వచ్చిన ఇద్దరూ పైకి పరుగులు తగ్గించి, డిఫెన్స్ మధ్యలో ఆడే సెంటర్ బ్యాక్‌లకు దగ్గరగా నిలబడేవారు. ప్రత్యర్థులను అంచుల నుంచి క్రాస్‌లు (గోల్ ముందుకు గాల్లో వేసే బంతులు) వేసుకోనిచ్చేవారు. ఎందుకంటే మధ్యలో మోర్గాన్, రాబర్ట్ హుత్ ఉన్నారు. గాల్లో వచ్చే బంతిని తలతో బయటికి కొట్టడం ఆ ఇద్దరికీ తిండి తిన్నంత తేలిక. నేల మీద, వీపు వెనక ఖాళీలో వేగంగా పరుగెత్తమంటేనే వాళ్లకు కష్టం. కాబట్టి ఆ ఖాళీయే లేకుండా చేశారు.

గోల్ తినకుండా ఒక్క మ్యాచ్ ముగిస్తే పిజ్జా పార్టీ ఇస్తానని రానియేరి ఆశ పెట్టిన కథ మీరు వినే ఉంటారు. అక్టోబరు 24న క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో అది జరిగింది. లెస్టర్ ఊళ్లోని పిజ్జా హోటల్‌కు తీసుకెళ్లి, పిజ్జాలు మాత్రం వాళ్లచేతే చేయించాడు. అందరూ పిజ్జా గుర్తుపెట్టుకున్నారు, ఫుల్‌బ్యాక్‌ల మార్పు మర్చిపోయారు.

ఇక ముందుకు ఎలా వెళ్లేవారో ఒక్క గోల్‌లో చూపిస్తాను. 2015 నవంబరు 28, మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్, 24వ నిమిషం. కార్నర్ యునైటెడ్‌ది. బంతి ష్మైకేల్ చేతుల్లో పడింది. చాలామంది కీపర్లు ఇక్కడ బంతిని గుండెకు హత్తుకుని, మోకాళ్ల మీద వాలి, జట్టును ఊపిరి పీల్చుకోమంటారు. ఇతను ఆగకుండా ఫుక్స్‌కు విసిరాడు. ఫుక్స్ బంతిని తోసుకుంటూ పరుగు. ఇక్కడ వీడియో ఆపి స్ట్రైకర్ జేమీ వార్డీని చూడండి. అతను బంతిని చూడట్లేదు, డిఫెండర్ల వరసను చూస్తున్నాడు. ఫుక్స్ కాలు కదిలే క్షణం దాకా ఆగి, అప్పుడు కదిలాడు. ఒక్క అర అడుగు ముందైతే ఆఫ్‌సైడ్: పాస్ వేసే క్షణానికే డిఫెండర్ల వరసను దాటి ఉంటే గోల్ చెల్లదు. పాస్, పరుగు, గోల్. లెస్టర్ గోల్ దగ్గర కార్నర్ ఆడుతున్న యునైటెడ్‌కు వెనక్కి తిరిగే టైమే దొరకలేదు. వరసగా 11 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టిన రికార్డు వార్డీకి ఆ బంతితోనే వచ్చింది.

అపోహ: పాసులు సరిగ్గా ఇవ్వడం రాని జట్టు

బంతిని తమ దగ్గర ఉంచుకోవడంలో, పాసులు కచ్చితంగా ఇవ్వడంలో లెస్టర్ లీగ్‌లో అట్టడుగు జట్ల సరసన ఉంది. ఛాంపియన్లకు ఇలాంటి అంకెలా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. పాస్ శాతం చూసి ఆటగాడిని తూచే అలవాటు మన కోచ్‌ల్లోనూ ఉంది, అందుకే దీని గురించి కాస్త గట్టిగా చెప్తున్నాను. పక్కనున్నవాడికి ఐదు గజాల పాస్ ఇస్తే పదికి పది సరిగ్గా వెళ్తాయి. ప్రత్యర్థి డిఫెన్స్ వెనక ఖాళీలోకి నలభై గజాల పాస్ వేస్తే పదిలో మూడు చేరితే గొప్ప. ఆ మూడింటిలో ఒకటి గోల్ అవుతుంది. 2016 ఫిబ్రవరి 2న లివర్‌పూల్ మీద లెస్టర్ వింగర్ రియాద్ మహ్రెజ్ తమ సగంలోంచే బంతిని పైకెత్తి వేశాడు. అది నేల మీద పడి లేవగానే వార్డీ దూరం నుంచే కొట్టాడు, కీపర్ తల మీదుగా వెళ్లి వలలో పడింది. అలాంటి పాస్ గురి తప్పితే అంకెల్లో 'తప్పు పాస్' అనే రాస్తారు.

అపోహ: కాంటే ఒక్కడే గెలిపించాడు

దీన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి నాకు నోరు రావట్లేదు. మిడ్‌ఫీల్డర్ ఎన్గోలో కాంటే ఆ సీజన్‌లో 175 ట్యాకిల్స్ చేశాడు, అంటే ప్రత్యర్థి కాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కున్నాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. మరుసటి ఏడాది అతను చెల్సీకి వెళ్లాడు. చెల్సీ ఛాంపియన్ అయింది, లెస్టర్ 12వ స్థానానికి పడిపోయింది. ఇంకేం కావాలి అంటారా?

కానీ ట్యాకిల్ చేసిన తర్వాత బంతి ఎక్కడికి పోతోంది? పక్కనే ఉన్న డానీ డ్రింక్‌వాటర్‌కు. అతను తల ఎత్తి చూసేసరికి వార్డీ పరుగు మొదలైపోయి ఉంటుంది. అంతకుముందు షింజీ ఒకాజాకి వెనక్కి దిగి ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్ మెడ మీద కూర్చుని ఉంటాడు. అతను తరిమితే తప్పుడు పాస్ పుట్టేది, దాన్ని కాంటే ఎత్తుకునేవాడు. స్ట్రైకర్ అయిన ఒకాజాకిని చాలా మ్యాచ్‌ల్లో మధ్యలోనే బయటికి పిలిచేవారు. ఆ పరుగులు పరుగెత్తితే ఎవరికైనా బ్యాటరీ అయిపోతుంది.

అపోహ: చేతిలో చిల్లిగవ్వ లేని క్లబ్

మహ్రెజ్‌ను ఫ్రాన్స్ రెండో డివిజన్ నుంచి అర మిలియన్ పౌండ్లలోపే తెచ్చారు. వార్డీని లీగ్ వ్యవస్థకు బయట ఆడే క్లబ్ నుంచి దాదాపు ఒక మిలియన్‌కు కొన్నారు. ఒకప్పుడు ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆడిన మనిషి అతను. ఇవి నిజాలు. కానీ అప్పటి క్లబ్ యజమాని థాయిలాండ్ డ్యూటీ ఫ్రీ వ్యాపారం కింగ్ పవర్ అధిపతి విచాయ్ శ్రీవద్ధనప్రభ. ఆ సీజన్ జీతాల ఖర్చు సుమారు 80 మిలియన్ పౌండ్లు. మాంచెస్టర్ యునైటెడ్ పెట్టినదాంట్లో అది మూడో వంతే, కానీ మామూలు మనుషుల లెక్కలో బీదరికం కాదు. పైగా 2013-14లో కింది డివిజన్ నుంచి పైకి వచ్చేటప్పుడు ఖర్చుల నియమాలు దాటిందన్న వివాదంలో ఈ క్లబ్ 2018లో 31 లక్షల పౌండ్లు కట్టి రాజీపడింది. అభిమానులు ఈ ముక్క చెప్పరు. నేను చెప్తాను, ఎందుకంటే ఈ కథ ఇష్టమైనంత మాత్రాన లెక్క మారదు.

తక్కువ ధరకు మంచివాళ్లను ఏరుకురావడం వెనక స్టీవ్ వాల్ష్ అనే మనిషి, అతని బృందం ఉన్నారు. 2015 వేసవిలో కోచ్ నైజెల్ పియర్సన్‌ను తీసేశాక కూడా క్లబ్ వాల్ష్‌నూ, అసిస్టెంట్ కోచ్ క్రెయిగ్ షేక్‌స్పియర్‌నూ కదపలేదు. రానియేరి గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. చెల్సీలో ఉన్నప్పుడు జట్టును ఊరికే మారుస్తాడని 'టింకర్‌మ్యాన్' అని పేరు పెట్టించుకున్నవాడు, ఇక్కడికి వచ్చి ఉన్న వ్యవస్థను చాలావరకు అలాగే ఉంచాడు. వారంలో ఆదివారం, బుధవారం సెలవు ఇచ్చాడు. కోచ్‌గా చెప్తున్నాను, గెలుస్తున్న జట్టును ముట్టుకోకుండా ఉండటానికి చేతులు కట్టేసుకోవాలి.

అపోహ: పెద్ద క్లబ్‌లన్నీ ఒకేసారి పడిపోయాయి కాబట్టి

చెల్సీ పదో స్థానంలో ఆగింది, నిజమే. కానీ 2010-11లో మాంచెస్టర్ యునైటెడ్ 80 పాయింట్లతోనే ఛాంపియన్ అయింది, అప్పుడెవరూ వాళ్లది దొడ్డిదారి అనలేదు. మాంచెస్టర్ సిటీని వాళ్ల గడ్డ మీదే 3-1తో, టాటెన్‌హామ్‌ను లండన్‌లో 1-0తో లెస్టరే ఓడించింది. పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లే పడిపోలేదు, కొంత తోసిందీ వీళ్లే.

అపోహ: రాజుగారి ఆశీస్సులు

లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద దొరికిన పాతకాలపు ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థికలను 2015 మార్చి చివర్లో అక్కడి కెథడ్రల్‌లో ఖననం చేశారు. సరిగ్గా ఆ తర్వాతే జట్టు గెలవడం మొదలుపెట్టింది. దీనికి నా దగ్గర జవాబు లేదు. వీడియోలో రాజు ఎక్కడా కనిపించలేదు.

చివరిది, మా గ్రౌండ్‌లో పుట్టిన అపోహ: వెనక్కి జరిగి, బంతిని ముందుకు బాదితే చాలు

దీన్ని నేనే నమ్మాను. 2016 వేసవిలో మా అండర్-15 పిల్లలచేత ఒక టోర్నమెంట్‌లో అలాగే ఆడించాను. ఇద్దరు పొడుగాటి డిఫెండర్లు, ముందు ఒక వేగమైన కుర్రాడు. ఆరు గోల్స్ తిన్నాం. ఇంటికొచ్చి ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే డిఫెండర్లు ఉండాల్సిన చోటే ఉన్నారు. బంతి పోయిన ప్రతిసారీ అంచుల్లో ఆడే మా ఇద్దరు వింగర్లు మాత్రం నడుచుకుంటూ వెనక్కి వస్తున్నారు. వాళ్లను అనడానికేముంది, పరుగెత్తాలని నేను చెప్పనే లేదు.

మర్నాడు పిల్లల్ని కూర్చోబెట్టి లెస్టర్ ఎడమ వింగర్ మార్క్ ఆల్‌బ్రైటన్ క్లిప్పులు వేశాను. అన్నీ బంతి తన దగ్గర లేనివే. అవతలి బాక్స్ నుంచి తమ బాక్స్ దాకా వెనక్కి పరుగు, మళ్లీ పరుగు. ఐదు నిమిషాలయ్యాక మా లెఫ్ట్ వింగర్ చెయ్యెత్తాడు.

"సార్, ఈయన సీజన్ మొత్తంలో ఎన్ని గోల్స్ కొట్టాడు?"

"లీగ్‌లో రెండు."

"మరి ఈయన్నెందుకు సార్ చూపిస్తున్నారు?"

పక్కనున్న సెంటర్ బ్యాక్ వాడి నెత్తి మీద ఒక్కటిచ్చి, "మళ్లీ మొదట్నుంచి వెయ్యండి సార్" అన్నాడు.