చోక్ ఎందుకు లాగానంటే

తిరుపతి

చిరంజీవులు చిన్నాకు, బుజ్జికి తాత ఆశీస్సులు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో పొద్దున్నే మన పాత మారుతీ 800 స్టార్ట్ చేయబోతూ ఒక నాబ్ లాగాను. "అదేంటి తాతా, మా కారుకు లేదే?" అని బుజ్జి అడిగింది. బయల్దేరే హడావుడిలో "చోక్ అమ్మా, చలికి బండి లేవాలంటే లాగాలి" అని ఊరుకున్నాను. అది జవాబు కాదు. అప్పటినుంచీ మనసులో పీకుతూనే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

పెట్రోలు నీళ్లలా ఉంటే ఇంజన్‌లో సరిగ్గా మండదు. తుంపరై, ఆవిరై గాలిలో కలవాలి. అదీ ఒక లెక్క ప్రకారం: గ్రాము పెట్రోలుకు దాదాపు 15 గ్రాముల గాలి. మన ఇంజన్ 796 సీసీ. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు అది నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, ఆ ఒక్క నిమిషంలో సుమారు 1000 లీటర్ల గాలి పీలుస్తుంది. మన పెరట్లో నీళ్లు పట్టే 200 లీటర్ల డ్రమ్ములు ఐదు అన్నమాట. అంత గాలిలో కలవాల్సిన పెట్రోలు ఎంతో తెలుసా? ఒక చిన్న టీ గ్లాసుడు! ఈ లెక్క తప్పకుండా చూసేదే కార్బురేటర్. 2000 ప్రాంతంలో ఈ కార్లకు ఎంపీఎఫ్ఐ, అంటే పెట్రోలును కొలిచి చిమ్మే పద్ధతి, వచ్చాక ఆ పని కంప్యూటర్‌కు పోయింది. మన బండిలో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. గాలే పెట్రోలును కొలిచి తీసుకుంటుంది.

ఇంట్లోనే చేసి చూడండి. గ్లాసు నిండా నీళ్లు పోసి, కూల్‌డ్రింక్ స్ట్రా ముక్క ఒకటి నిలువుగా పెట్టండి. దాని కొస నీటికి కాస్త పైన ఉండాలి. ఇంకో స్ట్రాను అడ్డంగా పట్టుకుని ఆ కొస మీదుగా గట్టిగా ఊదండి. నీళ్లు పైకెక్కి తుంపరగా ఎగురుతాయి. మా చిన్నప్పుడు దోమలకు కొట్టే ఫ్లిట్ పంపు కూడా ఇంతే.

కార్బురేటర్ లోపల గాలి పోయే గొట్టం మధ్యలో సన్నబడుతుంది. దానికి వెంచురి అని పేరు. 1797లో ఈ సంగతి రాసిన ఇటలీ శాస్త్రవేత్త పేరది. సన్నని చోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. పక్కనున్న చిన్న గిన్నెలో పెట్రోలు మీద మాత్రం బయటి గాలి ఒత్తిడి అలాగే ఉంటుంది. ఆ ఒత్తిడే పెట్రోలును జెట్ అనే సన్న రంధ్రం ముక్క గుండా తోసి గాలిలోకి పంపుతుంది. గిన్నెలో మట్టం పెరగకుండా, తరగకుండా ఫ్లోట్ చూసుకుంటుంది. మన మిద్దె మీద ట్యాంకులో తేలే బంతి చేసే పనే.

ఇక చోక్. చలిలో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, గొట్టం గోడలకు అంటుకుంటుంది. సిలిండర్‌కు చేరేది తక్కువ. చోక్ లాగితే పైన ఒక రేకు గాలికి అడ్డం పడుతుంది. ఇంజన్ పీల్పు జెట్ మీద గట్టిగా పడి, ఎక్కువ పెట్రోలు వస్తుంది. వేడెక్కాక నాబ్ లోపలికి నొక్కేయాలి. మర్చిపోతే నల్లపొగ, మసిపట్టిన ప్లగ్గులు.

ఈ కార్బురేటర్‌కు ఒక లోటుంది. గాలి ఎంత వేగంగా పోతోందో దానికి తెలుస్తుంది గానీ ఆ గాలి పలచనిదా చిక్కనిదా అన్నది సరిగ్గా తెలియదు. తిరుమల ఇక్కడికంటే సుమారు 700 మీటర్లు ఎత్తు. అక్కడ గాలి దాదాపు 7 శాతం పలచన. పెట్రోలు మాత్రం అంతగా తగ్గదు. ఇరవై ఏళ్ల కిందట ఈ బండిలోనే కొండకు వెళ్లినప్పుడు, అలిపిరిలో దూకుడుగా ఉన్నది పైకెక్కేసరికి కొంచెం బరువెక్కినట్టు లాగేది. దిగితే మళ్లీ మామూలే. రిపేరేమీ లేదు, గాలి మారింది, అంతే.

జెట్ సంగతి ఒకటి చెప్పాలి. అది ఇత్తడి ముక్క, చిటికెన వేలి గోరంత. మధ్యలో ఒక సన్నని రంధ్రం, పక్కన ఒక నంబరు. వెలుతురుకు ఎత్తి చూస్తే ఆ రంధ్రం చుక్కలా మెరుస్తుంది. ఒకసారి చెత్త అడ్డుపడితే ఒక మెకానిక్ తీగ పెట్టి పొడిచాడు. బండి లేచింది గానీ ఆ రంధ్రం రవ్వంత పెద్దదైపోయింది. నెల తిరక్కుండానే మైలేజీ పడిపోయి, పొగ మొదలైంది. చివరికి జెట్టే మార్చాల్సి వచ్చింది. ఇత్తడి మెత్తన నాయనా, దాన్ని గాలి ఊది మాత్రమే శుభ్రం చేయాలి.

ఆ పాత జెట్, దానితో పోల్చడానికి ఇంకో కొత్తది రెండూ నా టేబుల్ సొరుగులో అగ్గిపెట్టెలో ఉన్నాయి. వేసవి సెలవులకు వచ్చినప్పుడు రెంటినీ కిటికీ దగ్గర పక్కపక్కన పట్టుకుని చూడండి. ఏది పాడైందో మీరే చెప్పాలి.

మీ తాత