సిటీ బస్సు గురించి స్టాపులో వినిపించే మాటలు: అపోహలు, వాస్తవాలు

సిటీ బస్సులకు టైమ్‌టేబుళ్లు వేయడం నా వృత్తి. అందువల్ల హైదరాబాద్‌లో ఏ స్టాపులో నిలబడినా చుట్టూ సాగే మాటలను విననట్టు ఉండలేను. వాటిలో చాలా వరకు న్యాయమైన ఫిర్యాదులే. కొన్ని మాత్రం కళ్లెదుట జరిగినదాన్ని సరిగ్గానే చూసి, దానికి లేని కారణాన్ని అంటగట్టడం వల్ల పుట్టినవి. ఈ రెండో రకం గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అరగంట సేపు ఒక్క బస్సూ రాదు, ఆ తరువాత మూడు కలిసి వస్తాయి. డ్రైవర్లు మాట్లాడుకుని జట్టుగా నడుపుతారు.

వాస్తవం: బస్సులు జట్టుగా రావడం నిజమే కానీ, అందుకు ఎవరూ మాట్లాడుకోనక్కరలేదు. పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218 నంబరు బస్సులు పది నిమిషాలకొకటి చొప్పున బయలుదేరాయని అనుకుందాం. వాటిలో ఒకటి కూకట్‌పల్లి దాటేసరికి ట్రాఫిక్‌లో చిక్కుకుని నాలుగు నిమిషాలు ఆలస్యమైతే, తరువాతి స్టాపులో దాని కోసం పది నిమిషాల జనం కాక పద్నాలుగు నిమిషాల జనం ఎదురుచూస్తుంటారు. వాళ్లందరూ ఎక్కడానికి, లోపలివారు దిగడానికి ఎక్కువ సమయం పడుతుంది కనుక ఆ బస్సు ఎర్రగడ్డకు మరింత ఆలస్యంగా, అమీర్‌పేటకు ఇంకా ఆలస్యంగా చేరుతుంది. దాని వెనక వస్తున్న బస్సుకు మాత్రం ప్రతి స్టాపులోనూ జనం తక్కువగా దొరుకుతారు, ఆగే సమయం తగ్గుతుంది, అది తనకు తెలియకుండానే ముందు బస్సును సమీపిస్తుంది. ఖైరతాబాద్‌లో నిలబడినవారికి రెండూ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. బస్సుల మధ్య సమాన దూరం దానంతట అది నిలబడదని, చిన్న ఆలస్యం కూడా స్టాపు స్టాపుకూ పెరుగుతుందని న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లోనే గణితపరంగా చూపించారు.

దీని ఫలితం ఎంతటిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. గంటకు ఆరు బస్సులు సమాన విరామంతో వస్తే, టైమ్ చూసుకోకుండా స్టాపుకు వచ్చే మనిషి సగటున ఐదు నిమిషాలు ఎదురుచూస్తాడు. అవే ఆరు బస్సులు జంటలుగా వస్తే విరామం ఇరవై నిమిషాలవుతుంది, నిరీక్షణ పది నిమిషాలకు పెరుగుతుంది. మూడేసి చొప్పున వస్తే పదిహేను నిమిషాలు. డీజిల్ అంతే ఖర్చయింది, సిబ్బంది అంతమందే పనిచేశారు, రోజు చివర డిపో రిజిస్టరులో ట్రిప్పులన్నీ పూర్తయినట్టే ఉంటుంది. ప్రయాణికుడికి అందిన సేవ మాత్రం మూడో వంతుకు పడిపోయింది. అందుకే ఒక రూటు బాగోగులను బస్సుల సంఖ్యతో కాక విరామాలతో కొలవాలని నేను పట్టుబడతాను. ముందుకు తోసుకొచ్చిన బస్సును దారి మధ్యలో కంట్రోలర్ రెండు నిమిషాలు ఆపితే లోపలివారు కేకలు వేస్తారు. వారి కోపం సహజమే, కానీ ముందున్న ఇరవై స్టాపులలోని జనానికి ఆ రెండు నిమిషాలే మేలు చేస్తాయి.

అపోహ: వెనక బస్సు ఖాళీగా వస్తోంది, మధ్యాహ్నం బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయి. కాబట్టి నగరంలో బస్సులు ఎక్కువైపోయాయి.

వాస్తవం: జంటగా వచ్చిన రెండు బస్సులలో ముందుదానిలో 80 మంది, వెనకదానిలో 20 మంది ఉన్నారనుకోండి. కాగితం మీద బస్సుకు సగటున 50 మంది, అంటే ఎవరికీ పెద్దగా ఇబ్బంది లేనట్టే. కానీ ఆ నూరు మందినీ విడివిడిగా అడిగితే 80 మంది తమ బస్సు కిక్కిరిసి ఉందని చెబుతారు. ప్రయాణికులు అనుభవించిన రద్దీకి సగటు కడితే అది 68 వస్తుంది. మా లెక్కల్లోని ఆక్యుపెన్సీ రేషియోకు, అంటే బస్సులోని చోటులో ఎంత వంతు నిండిందో చెప్పే అంకెకు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవారి మాటకు పొంతన కుదరకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు బస్సులను లెక్కిస్తున్నారు, మరొకరు మనుషుల తరఫున మాట్లాడుతున్నారు.

ఇక ఎదురు దిశలో ఖాళీగా పోయే బస్సుల సంగతి. ఉదయం ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వైపు వెళ్లే 10హెచ్‌లో కాలు పెట్టే చోటు ఉండదు, అదే బస్సు తిరుగు ప్రయాణంలో సగం సీట్లే నిండి వస్తుంది. అది తిరిగి రాకపోతే సికింద్రాబాద్‌లో తొమ్మిదిన్నరకు ఎదురుచూసేవారికి బస్సు ఉండదు. దాన్ని తిప్పకుండా దగ్గరలోని డిపోకు పంపినా ఆ కిలోమీటర్లు తప్పవు. టికెట్ ఆదాయం ఏమీ రాని అటువంటి పరుగును మేము డెడ్ మైలేజ్ అంటాము. మధ్యాహ్నపు ట్రిప్పులను రద్దు చేస్తే డీజిల్ కొంత మిగులుతుందే తప్ప సిబ్బంది జీతం, బస్సు మీద పెట్టిన పెట్టుబడి తగ్గవు. పైగా మధ్యాహ్నం తిరిగి వచ్చే బస్సు దొరకదని తెలిసిన మనిషి ఉదయం కూడా స్కూటరే తీస్తాడు.

అపోహ: డ్రైవర్లు కావాలనే బస్ బే (బస్సు ఆగడానికి రోడ్డు పక్కన వదిలిన చోటు) వదిలేసి నడిరోడ్డు మీద ఆపుతారు.

వాస్తవం: అలవాటుగా అలా చేసేవారు లేరని నేను అనను. అయితే పదకొండు, పన్నెండు మీటర్ల పొడవున్న వాహనం కాలిబాటకు సమాంతరంగా వచ్చి ఆగాలంటే దానికి ముందూ వెనకా కూడా అంతంత ఖాళీ ఉండాలి. బే మొదట్లో రెండు ఆటోలు, చివర ఒక పండ్ల బండి ఉంటే చాలు, బస్సు ముందుభాగం లోపలికి వెళ్లినా వెనకభాగం రోడ్డుకు అడ్డంగా మిగులుతుంది. పూర్తిగా లోపలికి వెళ్లిన బస్సుకు తిరిగి బయటికి వచ్చే దారి ఇచ్చేవారు మన రోడ్ల మీద అరుదు. డ్రైవరు బయట ఆపడం చూసి ప్రయాణికులు రోడ్డు మీదికి వస్తారు, ప్రయాణికులు రోడ్డు మీద ఉన్నారని తరువాతి డ్రైవరు కూడా బయటే ఆపుతాడు. బే ముందు స్థలాన్ని ఖాళీగా ఉంచకుండా డ్రైవర్లకు మాత్రమే జరిమానాలు వేస్తే ఈ చక్రం ఆగదు.

అపోహ: బస్సు ఆలస్యానికి ట్రాఫిక్ ఒక్కటే కారణం.

వాస్తవం: ట్రాఫిక్ పెద్ద కారణమే, కానీ స్టాపులో ఆగే సమయాన్ని అందరూ తక్కువగా అంచనా వేస్తారు. హైదరాబాద్ సిటీ బస్సుల్లో ముందు తలుపు ఆడవారిది, వెనక తలుపు మగవారిది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఎక్కేవారిలో మహిళల వాటా బాగా పెరిగింది, తలుపులు మాత్రం అవే రెండు. బస్సు ఎప్పుడు కదలాలో నిర్ణయించేది రెండు తలుపులలో ఎక్కువ రద్దీ ఉన్నదే కనుక, వెనక తలుపు ఖాళీ అయిపోయాక కూడా ముందు తలుపు దగ్గర తోపులాట ముగిసేదాకా బస్సు నిలబడుతుంది. ఎక్కడానికి ఒక తలుపు, దిగడానికి ఒక తలుపు అనే పద్ధతికి మారితే ప్రతి స్టాపులో కొన్ని సెకన్లు కలిసివస్తాయి. అలా మార్చితే సభ్యతకు, భద్రతకు సంబంధించిన ప్రశ్నలు వస్తాయి, వాటిని కొట్టిపారేయలేము. అయినా కనీసం కొత్త బస్సులు కొనేటప్పుడైనా తలుపుల వెడల్పు గురించి ఆలోచించాలన్నది నా అభిప్రాయం. ఇంతటి రద్దీలో కూడా తలుపు దగ్గరే నిలబడి, లోపల చోటున్నా కదలని వారి గురించి కండక్టర్లు చెప్పవలసినదంతా ఇప్పటికే చెప్పారు.

అపోహ: కూడలి మీద ఫ్లైఓవర్ కడితే బస్సులు కూడా వేగంగా వెళతాయి.

వాస్తవం: స్టాపు సాధారణంగా కూడలి దగ్గరే ఉంటుంది. బస్సు పైనుంచి వెళితే అక్కడి ప్రయాణికులు దొరకరు, కిందినుంచి వెళితే ఫ్లైఓవర్ వల్ల దానికి ఒరిగేది స్వల్పం.

అపోహ: మెట్రో వచ్చాక సిటీ బస్సుల అవసరం తగ్గింది.

వాస్తవం: 2017 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ మెట్రో మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గాలు మూడూ కలిపి దాదాపు 69 కిలోమీటర్లు. ఆ గీతల మీద ఇల్లు, ఆఫీసు రెండూ ఉన్నవారికి దాన్ని మించినది లేదు. మిగతావారు స్టేషన్ దాకా రావడానికో, స్టేషన్ నుంచి వెళ్లడానికో మరో వాహనం వెతుక్కోవాలి. ఆ చిన్న దూరానికి షేర్ ఆటోకో బైక్ ట్యాక్సీకో పెట్టే డబ్బు చాలాసార్లు మెట్రో టికెట్‌తో పోటీ పడుతుంది. మెట్రోకు సమాంతరంగా నడిచే బస్సులలో కొన్నింటిని దానికి అడ్డంగా, కాలనీల్లోంచి స్టేషన్లకు తిప్పాలన్నది సరైన ఆలోచనే. అయితే సమాంతర రూట్లను పూర్తిగా ఎత్తివేయకూడదు. మెట్రో స్టేషన్లు సుమారు కిలోమీటరుకొకటి ఉంటాయి, బస్ స్టాపులు అంతకంటే దగ్గరగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి, కూరగాయల మూటతో వచ్చేవారికి ఆ తేడా చాలా పెద్దది.

అపోహ: ఉచితమే కదా, మహిళలకు డబ్బు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్ తీసుకోకపోయినా ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: ఉచిత ప్రయాణాలకు ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించవలసిన సొమ్ముకు ఆధారం ఆ జీరో టికెట్లే. కాబట్టి స్థానిక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి టికెట్ అడిగి తీసుకోవాలి. మా పనికి సంబంధించి మరో సంగతి ఉంది. ఏ స్టాపు నుంచి ఏ స్టాపుకు, ఏ వేళలో ఎంతమంది వెళుతున్నారన్నది మాకు తెలిసేది ముఖ్యంగా కండక్టరు చేతిలోని టిమ్ (టికెట్లు ఇచ్చే) మిషన్ నుంచే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి కోఠిలో దిగిన మనిషి టికెట్ తీసుకోకపోతే ఆ ప్రయాణం రికార్డుల్లో జరగనట్టే, ఆ వేళకు ఆ రూటులో మరో ట్రిప్పు కావాలని అడిగేటప్పుడు నా చేతిలో చూపించడానికి అంకె ఉండదు.