మలాశయ క్యాన్సర్: ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఎందుకు వచ్చేది?

చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పుట్టుక వెనుక ఒక మలాశయ క్యాన్సర్ మరణం ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చెల్లెలు ఆ జబ్బుతోనే పోయారు. 1954లో మొదలైన ఆ ఆసుపత్రికి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మనవాళ్ళు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు. చాలామంది మొలలనుకుని నెలల తరబడి నాటుమందు వాడి, ఆలస్యంగా వెళ్తారు. ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్ళు అడిగేది ఒకటే: మళ్ళీ వస్తుందా?

ఒకప్పుడు దాదాపు తప్పకుండా వచ్చేది. లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ మొదట్లో అందరిలాగే కింది నుంచి, అంటే మలద్వారం వైపు నుంచి కోసి గడ్డ తీసేవాడు. అలా చేసిన 57 మందిలో 54 మందికి తిరగబెట్టింది. దాంతో 1908లో పొట్ట వైపు నుంచీ కింది నుంచీ కోసి, మలద్వారంతో సహా తీసేసే పద్ధతి ప్రకటించాడు. మనిషి బతికితే, మలం పడేందుకు పొట్ట మీద సంచి శాశ్వతం. 1940ల్లో అమెరికాలో క్లాడ్ డిక్సన్ పేగును మళ్ళీ కలిపి కుట్టే పద్ధతికి దారి వేశాడు. సంచి బెడద కొందరికి తప్పింది కానీ కటిభాగంలో క్యాన్సర్ తిరగబెట్టడం మాత్రం ఆగలేదు.

కారణం ఎక్కడుందో 1982లో ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ చూపించాడు. మలాశయం చుట్టూ మీసోరెక్టమ్ అనే కొవ్వు పొర ఉంటుంది, బత్తాయి తొనల చుట్టూ తెల్లపొరలా. క్యాన్సర్ కణాలు అందులోకి పాకుతాయి. అప్పటి సర్జన్లు లోపల చేత్తో తడుముతూ ఊడదీసేవారు. పొర చిరిగేది, ముక్కలు లోపలే మిగిలేవి. హీల్డ్ కళ్ళతో చూస్తూ, పదునైన పరికరంతో పొర చెక్కుచెదరకుండా తీశాడు. ఐదేళ్లలో కటిభాగంలో తిరగబెట్టింది 4 శాతం లోపేనని 1986లో రాస్తే, ఇంత తక్కువా అని తోటివాళ్ళే అనుమానించారు.

అదే ఏడాది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పాథాలజిస్టు (కోసి తీసిన భాగాలను పరీక్షించే డాక్టరు) ఫిల్ క్విర్క్ బృందం, కోసి తీసిన 52 మలాశయాలను అడ్డంగా ముక్కలు చేసి చూసింది. 14 మందిలో కోసిన చోటి పక్క అంచు దాకా క్యాన్సర్ ఉంది, అంటే కొంత లోపలే మిగిలి ఉండొచ్చన్నమాట. వాళ్ళలో 12 మందికి తిరగబెట్టింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అంతవరకూ రోగి ఖర్మ అనో, జబ్బు మొండిదనో సరిపెట్టుకున్నది, సర్జన్ పనితనం కింద లెక్కకొచ్చింది.

తర్వాత నెదర్లాండ్స్‌లో సర్జన్లకు ఈ పద్ధతి నేర్పి, 1,800 మందికి పైగా రోగులతో ట్రయల్ చేశారు. 2001 ఫలితాల్లో, రెండేళ్లకు కటిభాగంలో తిరగబెట్టింది ఆపరేషన్ ఒక్కటే అయినవాళ్ళలో 8.2 శాతం, ముందు ఐదు రోజుల రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్ళలో 2.4 శాతం.

కొత్తదల్లా మేలు కాదు. మలద్వారం గుండా కెమెరాతో చేసే పద్ధతిలో ఎక్కువమందికి తిరగబెడుతోందని నార్వే దాన్ని ఆపేసింది. అందుకే రోబో ఉందా లేదా అన్న టెన్షన్ కన్నా, ఆపరేషన్‌కు ముందు ఎం.ఆర్.ఐ. తీశారా, తర్వాత వచ్చిన పాథాలజీ రిపోర్టులో పక్క అంచు గురించి ఏం రాశారు అని అడగడం మంచిది. అంచుకు, గడ్డకు మధ్య ఎడం ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ లేకపోతే క్యాన్సర్ అంచును తాకినట్టే లెక్కిస్తారు.