పదును లేకుండా విత్తనమేంది మేడం?: మహిళా రైతుల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురం పల్లెల్లో పొదుపు సంఘాల మహిళలతో ప్రకృతి సేద్యం పని చేస్తుంటాను. ఆఫీసులోనూ రచ్చబండ దగ్గరా ఎప్పుడూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి రెండు నేనూ నమ్మినవే.

అపోహ: పొలం పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే వాళ్లే రైతు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు సాగు చేసేవారిలో మహిళలు సుమారు 14 శాతం. ఆ లెక్క పట్టుకుని శిక్షణకు పిలిస్తే వచ్చేది మగవాళ్లే. విత్తనం దాచేది, కలుపు తీసేది, చెనక్కాయలు వలిచేది ఎవరో గట్టు మీద కాసేపు నిలబడితే తెలుస్తుంది. మేం ఇప్పుడు సంఘం రిజిస్టర్ చూసి పిలుస్తున్నాం.

అపోహ: వాన పడకముందు విత్తితే విత్తనం నేలపాలే.

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే చోట "పదును లేకుండా విత్తనమేంది మేడం?" అని అడగరా మరి! పదును అంటే విత్తడానికి నేలలో ఉండాల్సిన తేమ. కానీ ఏప్రిల్, మే నెలల్లో చల్లే నవధాన్యాలు వట్టి గింజలు కావు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, అలసంద, నువ్వులు, ఆముదం, గోంగూర, ధనియాలు... ఇంట్లో ఉన్నవన్నీ పట్ట మీద పోసి, బీజామృతం (పేడ, గోమూత్రంతో చేసే విత్తన శుద్ధి ద్రావణం) చిలకరిస్తూ, జల్లించిన బంకమన్ను, ఘన జీవామృతం (పేడతో చేసి ఆరబెట్టిన ఎరువు) పొడి, బూడిద చల్లి దొర్లిస్తారు. గింజ చుట్టూ గట్టి పూత పడుతుంది. దాన్ని చీమలు, పిట్టలు అంత తొందరగా ముట్టవు. నాలుగు చినుకులకే మొలిచి మాడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. పైన చెనక్కాయ పొట్టో చెత్తో కప్పితే చిన్న వానకైనా తేమ నిలుస్తుంది. చెనక్కాయ విత్తే నాటికి ఆ పచ్చదనంలో కొంత పశువులకు మేత, కొంత ఇంటికి ఆకుకూర, మిగిలింది దుక్కిలోకి.

మొదటి ఏడు నేను తొందరపడ్డాను. పూత తడి ఆరకముందే గింజల్ని గోతాల్లో కట్టించేశాను. మూడో రోజు విప్పితే లోపలే మొలకలు, బూజు వాసన. "మొలకలు తినడానికి పెట్టినావా?" అని ఒక అక్క నవ్వింది. నీడన బాగా ఆరబెట్టాలని అప్పటికే పది మందికి పాఠం చెప్పినదాన్ని నేనే.

మొలిచాక వారాల తరబడి చినుకు రాకపోతే ఇవీ ఎండుతాయి. అందుకే మొదటి ఏడు పావెకరం మించి వద్దంటాను.

అపోహ: ప్రకృతి సేద్యానికి ఖర్చే ఉండదు.

డబ్బు ఖర్చు తగ్గుతుంది. ఒళ్లు మాత్రం హూనమవుతుంది. ఎకరానికి సరిపడా జీవామృతం, అంటే పులియబెట్టి పొలానికి వాడే ద్రవ ఎరువు, చేయాలంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. రెండు రోజులు పొద్దునా సాయంత్రం కలియబెట్టాలి. ఆ నీళ్లు బిందెలతో మోసేది ఎవరు? ఆవు లేని ఇంట్లో పేడ ఎక్కడి నుంచి వస్తుంది? ఇవేవీ చెప్పకుండా జీరో బడ్జెట్ అని ఊదరగొడితే నాకు ఒళ్లు మండుతుంది. ఒక ఊళ్లో సంఘం వాళ్లే ద్రావణాలు చేసి లీటరు లెక్కన అమ్ముతున్నారు, అక్కడ పని సాగుతోంది. అలాంటి ఏర్పాటు లేని పక్క ఊళ్లో మేమిచ్చిన డ్రమ్ములు రెండో ఏటికి తాగే నీళ్లు పట్టుకోవడానికి పోయాయి.

అపోహ: ఆడవాళ్లు మీటింగులకు రారు.

పొద్దున పదకొండుకు పెడితే ఎవరొస్తారు, ఆ రోజు కూలి ఎవరిస్తారు? రాత్రి ఏడున్నరకు, వంటలయ్యాక, గుడి దగ్గర పెట్టాం. అరుగు చాలలేదు. మొదటి రోజు ఒకామె చివరిదాకా నోరు విప్పలేదు. అందరూ లేచాక నా దగ్గరకొచ్చి, "నాకూ పావెకరానికి గింజలు రాసుకో మేడం. మా ఆయనకు మొలిచినాక చెప్తాలే" అంది.