నల్లగొండ స్టూడియోకి కెమెరా ఏ దారిన వచ్చింది

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ పెళ్లి ఫొటోలు తీసి బతికేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే మాట తిరిగి తిరిగి ధరల దగ్గరికే వస్తుంది. మంచి మిర్రర్‌లెస్ బాడీ (లోపల అద్దం లేని కొత్తరకం డిజిటల్ కెమెరా), రెండు లెన్సులు, ఫ్లాష్‌లు కలిపితే లక్షల్లో అప్పు. ఆ బాడీ, ఆ లెన్సులు మన దేశంలో తయారైనవి కావు. పైన జపాన్ కంపెనీ పేరుంటుంది, అడుగున చూస్తే థాయ్‌లాండ్ అనో చైనా అనో రాసి ఉంటుంది. ఇదంతా ఎప్పటి నుంచి ఇలా ఉందని వెనక్కి వెళ్లి చూస్తే నాకు ఒక విషయం పదే పదే కనబడింది. కెమెరాల దిగుమతి మీద ఢిల్లీలో ఇన్నేళ్లుగా జరిగిన పెద్ద నిర్ణయాలన్నీ డాలర్ల కోసమో, కంప్యూటర్ల కోసమో, ఫోన్ల కోసమో, భద్రత కోసమో జరిగాయి. కెమెరాతో పొట్ట పోసుకునేవాడిని దృష్టిలో పెట్టుకుని తీసుకున్నది ఒక్కటీ కనబడలేదు.

నిజాం కాలంలో కెమెరా అంటే దర్బారుదీ దొరలదీ. రాజా దీన్‌దయాళ్ 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. అప్పట్లో కెమెరాలు, లెన్సులు సీమ సరుకు. పైగా హైదరాబాద్ రాజ్యానికి సొంత కస్టమ్స్ శాఖ ఉండేది, కరోడ్‌గిరి అనేవాళ్లు, బయటి నుంచి రాజ్యంలోకి వచ్చే సరుకు మీద అది వేరే పన్ను వసూలు చేసేది. ఇక పల్లెల్లో కెమెరా ఎక్కడిది! తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన స్త్రీల ఫొటోలు ఈరోజు మనం చూడగలుగుతున్నామంటే బయటి నుంచి వచ్చిన సునీల్ జానా లాంటి ఫొటోగ్రాఫర్ల పుణ్యమే. మన జిల్లా చరిత్రలో అంత పెద్ద ఘట్టానికి మన చేతులతో తీసుకున్న ఫొటోలు ఎంత తక్కువో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1947లోనే ఎగుమతి దిగుమతుల నియంత్రణ చట్టం వచ్చింది. విదేశీ మారకం కటకట, ఉన్న కాస్త డాలర్లూ యంత్రాలకు, ఆయిల్‌కు, తిండిగింజలకు పోవాలి. ఆ లెక్కలో కెమెరా విలాస వస్తువు, లైసెన్సు లేకుండా దిగుమతి కుదరదు. అందుకే ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటికి చేరిన కెమెరా చాలావరకు ఆగ్ఫా క్లిక్ త్రీ, లేదంటే ఐసోలీ. రెండూ బరోడాలో తయారయ్యేవి. క్లిక్ త్రీలో 120 రీలు వేస్తే 12 ఫొటోలు, ఐసోలీలో అదే రీలుకి 16. నల్లగొండ దగ్గర చెరువుగట్టు జాతరలోనో, పాలమూరు జిల్లాలో కురుమూర్తి జాతరలోనో పరదా ముందు నిలబడి దిగిన నలుపు తెలుపు ఫొటోలు చాలా ఇళ్లల్లో ఇంకా గోడ మీద ఉన్నాయి. ఆ కాలంలో రీలు ఎంత విలువైందంటే ఒక కుటుంబానికి ఒకే ఫొటో, కళ్లు మూసుకున్నా అదే ఖాయం.

రీలు సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో మనం సొంతంగా నిలబడటానికి గట్టిగా ప్రయత్నించింది అక్కడే. కేంద్ర ప్రభుత్వం 1960లో ఊటీలో హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టింది, ఒక ఫ్రెంచి కంపెనీ సాంకేతిక సాయంతో. 1967లో ఉత్పత్తి మొదలైంది. ఇందు పేరుతో రీళ్లు, ప్రింటు కాగితం, ఎక్స్‌రే ఫిల్ము వచ్చేవి. చల్లటి, దుమ్ము లేని గాలి కావాలని కొండ మీద కట్టారు. నలుపు తెలుపులో అది నిజంగా పనికొచ్చింది. రంగుల దగ్గరే చిక్కు, కలర్ ఫిల్మును పెద్ద పెద్ద చుట్టలుగా తెప్పించి ఇక్కడ కోసి డబ్బాల్లో పెట్టేవాళ్లు, అంటే అసలు సరుకు మళ్లీ విదేశానిదే. కెమెరాల్లో కూడా 1980ల్లో ఫొటోఫోన్ వాళ్ల హాట్‌షాట్ వచ్చింది, ఇళ్లల్లో బాగా వాడారు. కానీ పెళ్లికి వెళ్లే ఫొటోగ్రాఫర్‌కి లెన్సు మార్చుకునే ఎస్‌ఎల్‌ఆర్ కావాలి. అది గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సామాన్లలోనో, బొంబాయి ఫోర్ట్ బజార్లలోనో, హైదరాబాద్ కోఠిలోనో బిల్లు లేకుండా దొరికేది. సుంకం ఎంత ఎక్కువుంటే దొంగదారి అంత పెద్దదవుతుందని ఆ పాతికేళ్లూ చూపించాయి.

1991లో బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చిన తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. గరిష్ఠ కస్టమ్స్ సుంకం ఆ ఏడాది బడ్జెట్‌లో 150 శాతానికి, 1995కల్లా 50 శాతానికి దిగింది. వినియోగ వస్తువుల మీద మిగిలిన పరిమాణ ఆంక్షలు, అంటే ఇంతకి మించి దిగుమతి చేయకూడదనే హద్దులు మాత్రం ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా చేతిలో కేసు ఓడిపోయాక, 2001 ఏప్రిల్ 1తో పూర్తిగా పోయాయి. దిగుమతి ఫిల్ము చవకైపోయేసరికి ఊటీ ఫ్యాక్టరీ తట్టుకోలేక 1990ల మధ్యకే ఖాయిలా పడింది. ఆ తర్వాత డిజిటల్ వచ్చి ఫిల్మునే తుడిచేసింది కాబట్టి ఎలాగూ మూతపడేదే అంటారు కొందరు. నేను ఒప్పుకోను. అక్కడ రసాయనాలు, పూతల పని తెలిసిన మనుషులు వందల్లో ఉండేవాళ్లు, వాళ్లని ఇంకో దారి పట్టించే ఆలోచన ఎవరూ గట్టిగా చేయలేదు.

డిజిటల్ కెమెరా మనకి ఇంత సులువుగా రావడానికి కారణం కంప్యూటర్లు. ఐటీ వస్తువుల మీద సుంకాలు తీసేయాలని దేశాలు చేసుకున్న ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఒప్పందంలో మన దేశం 1997లో చేరింది. సాఫ్ట్‌వేర్ పరిశ్రమకి కంప్యూటర్లు, విడిభాగాలు చవగ్గా రావాలన్నది ఉద్దేశం. ఆ జాబితాలోనే డిజిటల్ స్టిల్ కెమెరా కూడా ఉంది, దాంతో 2005 నాటికి దానిమీద సుంకం సున్నా అయింది. మిర్యాలగూడ, వనపర్తి లాంటి ఊళ్లలో డీఎస్‌ఎల్‌ఆర్‌లు (డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లు), వాటి వెనకే పేజీలు డిజైన్ చేసి ముద్రించే కరిజ్మా ఆల్బమ్‌లు దిగింది ఆ తర్వాతే.

అయితే అదే కెమెరా వీడియో కూడా తీయడం మొదలుపెట్టింది. దాన్ని స్టిల్ కెమెరా అనాలా, వీడియో కెమెరా అనాలా? 2012 మార్చిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కనీసం 800 బై 600 రిజల్యూషన్‌తో, సెకనుకి కనీసం 23 ఫ్రేములతో, ఆపకుండా కనీసం 30 నిమిషాలు వీడియో రికార్డు చేయగలిగితే సుంకం మినహాయింపు లేదని. ఆ నెలలోనే దిగిన సరుకు మీద మొదలైన తగాదా కెనాన్ ఇండియా కేసుగా సుప్రీంకోర్టుకి చేరింది. సుంకం ఎగవేతల మీద నిఘా పెట్టే డీఆర్ఐ అధికారులకి అసలు నోటీసులిచ్చే అధికారమే లేదని 2021 మార్చిలో తీర్పు వచ్చింది, 2024 నవంబర్‌లో రివ్యూలో అది తిరగబడింది. ఒక కెమెరా దేశం మొత్తం కస్టమ్స్ చట్టాన్నే కుదిపేసింది.

దిగుమతి లెక్కలు చూసేవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. కస్టమ్స్ వర్గీకరణలో ప్రతి రకం సరుకుకీ ఒక పద్దు నంబరు ఉంటుంది, ఫిల్ము కెమెరాలు 9006 పద్దులో, డిజిటల్ కెమెరాలు 8525 పద్దులో వస్తాయి. ఆ 8525లోనే టీవీ కెమెరాలు, సీసీ కెమెరాలు కూడా కలిసి ఉంటాయి. కాబట్టి 9006 పడిపోయిందని ఫొటోగ్రఫీ పోయినట్టూ కాదు, 8525 పెరిగిందని స్టూడియోలు బాగుపడ్డట్టూ కాదు, కూడళ్లలో స్తంభాల మీద పెట్టిన సీసీ కెమెరా కూడా ఆ అంకెలోనే ఉంది. ప్రపంచం మొత్తం మీద డిజిటల్ కెమెరాల సరఫరా 2010లో 12 కోట్లు దాటి, 2021కల్లా 84 లక్షల దగ్గరికి పడిపోయింది. ఫోన్ ఆ పని చేసింది. చవక కెమెరాలు పోయి ఖరీదైనవే మిగిలాయి, కాబట్టి స్టూడియోవాడికి మధ్యరకం కెమెరా కొనే వీలు తగ్గింది.

ఇక ఫోన్ల తయారీ కోసం 2023 బడ్జెట్‌లో ఫోన్ కెమెరా మాడ్యూల్ లెన్సులు, భాగాల మీద సుంకం తీసేశారు. అంతకుముందే 2022 ఫిబ్రవరిలో, పూర్తిగా తయారై వచ్చే డ్రోన్ల దిగుమతిని నిషేధించారు, రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకి తప్ప. పెళ్లికి డ్రోన్ షాట్ లేకపోతే ఆర్డరే రాని రోజుల్లో ఈ నిషేధం మళ్లీ పాత బిల్లులేని దారినే తెరిచింది.

జీఎస్టీ వచ్చినప్పుడు, 2017లో, డిజిటల్ కెమెరాని 28 శాతంలో పెట్టారు, 2019 జనవరి 1 నుంచి 18 చేశారు. 2025 సెప్టెంబర్‌లో ట్రాక్టర్లు, కుట్టు మిషన్లు 5 శాతానికి వచ్చాయి, మంచి పని. దేవరకొండలో మిషన్ కుట్టే ఆమెకి మిషన్ ఎలాగో, అదే వీధిలో ఫొటోలు తీసే అబ్బాయికి కెమెరా అలాగే, మరి అతనికి 18 ఎందుకు? ఏడాదికి 20 లక్షల లోపు పని చేసే స్టూడియో జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు, కానీ తీసుకోకపోతే కెమెరా మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, మొత్తం అతని నెత్తినే. బిల్లు లేకుండా తక్కువకి కొంటే కంపెనీ వారంటీ ఉండదు, సీజన్ మధ్యలో షట్టర్ పోతే బాగు చేయించే ఖర్చూ అతనిదే. వృత్తి కోసం కొనే బాడీ, లెన్సుల మీద 5 శాతం అడగడంలో నాకు ఏ తప్పూ కనబడదు, జిల్లా ఫొటోగ్రాఫర్లందరూ కలిసి జీఎస్టీ కౌన్సిల్‌కి రాయాల్సింది ముందుగా దాని గురించే.