ఉప్పునీళ్ల బాక్టీరియా, దాని విషం

మనం వాడే యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి పుట్టిల్లు మట్టి. స్ట్రెప్టోమైసిన్ అలా వచ్చిందే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడు లెడర్లీ కంపెనీలో బయటపడ్డ ఆరియోమైసిన్ కూడా అంతే. రెండింటినీ ఇచ్చినవి ఆక్టినోమైసీట్లు అనే బాక్టీరియా. తొలకరికి లేచే మట్టివాసన కూడా ఎక్కువగా వీటి చలవే.

మరి సముద్రం అడుగున ఉండే బురద సంగతి? అక్కడ దొరికే ఆక్టినోమైసీట్లు నేల మీద నుంచి కొట్టుకొచ్చిన స్పోర్లే (విత్తనాల్లా నిద్రాణంగా ఉండే కణాలు) తప్ప అక్కడ కాపురం ఉండేవి కావని చాలామంది శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి అనుకున్నారు.

1989లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్ బృందం బహామాస్ దీవుల దగ్గర సముద్రపు అడుగు మట్టిని సేకరించింది. అందులోంచి వేరుచేసిన కొన్ని రకాలు సముద్రపు నీళ్లు కలిపితేనే పెరిగాయి, మంచినీళ్లిస్తే పెరగలేదు. అంటే అవి చుట్టపుచూపుగా వచ్చినవి కావు. ప్రయోగశాలలో వీటిని పెంచే పళ్లెంలో ముందు నారింజ రంగు చుక్కల్లా కనిపిస్తాయి, స్పోర్లు ఏర్పడేకొద్దీ నల్లబడతాయి. పెరగడం మాత్రం బాగా నిదానం. ఏమీ రాలేదని తొందరపడి పళ్లెం పారేసేవాళ్లకు ఇవి ఎప్పటికీ దొరకవు. వీటికి సాలినిస్పోరా అని పేరు పెట్టారు.

వీటిలో ఒక జాతి తయారుచేసే సాలినోస్పోరమైడ్-ఎ అనే పదార్థం వివరాలు 2003లో వెలువడ్డాయి. ఇది దెబ్బతీసేది ప్రోటియజోమ్‌ని. కణంలో అక్కర్లేని ప్రోటీన్లను ముక్కలు చేసేది అదే. అది ఆగితే లోపల చెత్త పేరుకుపోయి కణం చస్తుంది. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్ కణాలు ప్రోటీన్లను విపరీతంగా తయారుచేస్తాయి కాబట్టి వాటికి ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. ఇదే దారిలో పనిచేసే బోర్టెజోమిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది కూడా 2003లోనే.

నన్ను ఆకట్టుకున్నది ఈ అణువులోని ఒకే ఒక్క క్లోరిన్ పరమాణువు. అణువులో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఒకటుంది. ప్రోటియజోమ్ తగలగానే ఆ వలయం తెరుచుకుని దానికి అతుక్కుంటుంది. మామూలుగా అయితే నీటి అణువు వచ్చి ఆ బంధాన్ని కాసేపటికి తెంచగలదు. ఇక్కడ మాత్రం వలయం తెరుచుకోవడంతో విడుదలైన ఆక్సిజన్ క్లోరిన్‌ని బయటికి నెట్టి, ఆ చోట కొత్త వలయం కట్టేస్తుంది. ఇక నీటికి దారి లేదు. తాళంచెవి కప్పలోనే విరిగి ఇరుక్కున్నట్టు, ఆ ప్రోటియజోమ్ పని అంతటితో సరి. క్లోరిన్ బదులు ఫ్లోరిన్ పెట్టి చూస్తే పట్టు మెల్లగా వదిలిపోయింది. ఇక క్లోరిన్ ఎక్కడిదంటారా? ఉప్పునీళ్లలోని క్లోరైడే. దాన్ని అణువులో చేర్చడానికి బాక్టీరియా దగ్గర ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఉంది.

మారిజోమిబ్ అనే పేరుతో దీన్ని 2006 నుంచి రోగుల మీద పరీక్షించారు. రక్తం నుంచి మెదడులోకి వెళ్లగలదు కాబట్టి గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌కి పనికొస్తుందని గట్టిగా ఆశపడ్డారు. 749 మందితో జరిగిన మూడో దశ పరీక్షలో, మామూలు చికిత్సకు దీన్ని జోడించినా రోగుల ఆయుష్షు పెరగలేదు. పైగా భ్రాంతులు, నడకలో తూలడం లాంటి ఇబ్బందులు ఎక్కువయ్యాయి.

మందుగా గట్టెక్కకపోయినా ప్రయోగశాలలో దీని కథ ఆగలేదు. సాలినిస్పోరాకీ సొంత ప్రోటియజోమ్ ఉంది. మరి తన విషానికి తనే ఎందుకు చావదు? విషం తయారుచేసే జన్యువుల పక్కనే, ప్రోటియజోమ్‌లో ఒక భాగానికి అదనపు నకలు దొరికింది. కొద్దిగా మార్పున్న ఈ నకలు విషానికి అంత తేలిగ్గా లొంగదు. దాంతో పరిశోధకులకు ఒక ఉపాయం తట్టింది. జన్యువుల గుంపులో ఎక్కడైనా ఇలాంటి అదనపు నకలు కనిపిస్తే, ఆ గుంపు తయారుచేసే పదార్థం దేన్ని కొడుతుందో ముందే ఊహించవచ్చు. కొవ్వు ఆమ్లాల తయారీకి చెందిన అదనపు నకలును ఆనవాలుగా పట్టుకుని వెతికితే, 2015లో సాలినిస్పోరాలోనే థయోలాక్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేసే జన్యువులు బయటపడ్డాయి. అది బాక్టీరియాలో సరిగ్గా ఆ తయారీనే ఆపుతుంది.