పెరటి రైలుకు స్టేషన్లు కట్టడం: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో మా ఇంటి పెరట్లో చిన్న మోడల్ రైలు కోసం 45 మిల్లీమీటర్ల గేజ్ ట్రాక్ వేసి తొమ్మిదేళ్లయింది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో లేమన్ బొమ్మల కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో తెచ్చిన పెరటి రైళ్లు నడిచే కొలత ఇది. 1:22.5 స్కేలులో, అంటే అసలు దాన్ని ఇరవై రెండున్నర రెట్లు తగ్గించిన లెక్కలో చూస్తే ఈ పట్టాల మధ్య దూరం అసలు రైలుకు దాదాపు ఒక మీటరు అవుతుంది. అంటే మన పాత మీటర్ గేజే. చిన్నప్పుడు గుంటూరు - మాచర్ల లైన్లో మీటర్ గేజ్ బండెక్కి తిరిగినవాణ్ణి కాబట్టి ఆ తీరు స్టేషన్లు, గూడ్స్ షెడ్లు కడుతుంటాను. విదేశీ కిట్లు ఎండావానకు తట్టుకుంటాయి గానీ ఖరీదెక్కువ, పైగా వాటిలో మన ఊరి స్టేషన్ దొరకదు. సొంతంగా కట్టుకుందామని వచ్చేవాళ్లు నాతో అనే మాటలు కొన్ని ఉన్నాయి. ఒకప్పుడు నేనూ వాటినే నమ్మాను.

అపోహ: చుక్క నీరు లోపలికి పోకుండా సీల్ చేస్తేనే బిల్డింగ్ నిలుస్తుంది.

నా మొదటి గూడ్స్ షెడ్‌కు ప్రతి మూలా సిలికాన్ పెట్టి, కింద కూడా షీటు అతికించి డబ్బాలా మూసేశాను. శ్రావణంలో ఎత్తి చూస్తే లోపల వేలెడు నీళ్లు, అందులో దోమ పిల్లలు. ఎక్కడా పగులు కనబడలేదు. జరిగిందేమిటంటే, మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి వేడెక్కి కొంత బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి షెడ్ చల్లబడగానే మిగిలిన గాలి కుంచించుకుంటుంది. అప్పుడు వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, దాని గుండా పైనున్న నీటిని లోపలికి లాగుతుంది. అలా వచ్చిన నీటికి బయటికి దారి ఉండదు.

ఇప్పుడు నేను కట్టే వాటికి అడుగు ఉండదు. చూరు కింద కనబడని చోట నాలుగు చిన్న చిల్లులు పెడతాను. నీరు వస్తే వస్తుంది, మర్నాటికి ఆరిపోతుంది. చూరు గోడకు 30 మిల్లీమీటర్లయినా ముందుకు రావాలి. పాత స్టేషన్లకు రెండడుగులకు పైగా చూరు ఊరికే పెట్టలేదు, అది గోడను కాపాడటానికే.

ఇంకో సంగతి. గోడలు పైనుంచి పడే వాన కన్నా కింద నుంచి చిందే బురదకే ఎక్కువ పాడవుతాయి. వట్టి మట్టి మీద వాన పడితే జానెడు ఎత్తుకు చిందుతుంది. బిల్డింగ్ చుట్టూ బెత్తెడు వెడల్పున సన్న కంకర పోయండి. నేను చేసిన ఖర్చులన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ కంకరే.

అపోహ: మెరైన్ ప్లైవుడ్ వాడితే ఇక భయం లేదు.

మెరైన్ ప్లైలో నీటికి తట్టుకునేది పొరల మధ్య జిగురు. చెక్క చెక్కే. కోసిన అంచుల నుంచి నీరు పీలుస్తుంది, నేలకు ఆనితే చెదలు పడతాయి. చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ అయితే మొదటి వానకే ఉబ్బిపోతుంది.

చవకలో నాకు దొరికిన మంచి సరుకు పీవీసీ ఫోమ్ షీటు. సైన్‌బోర్డులు చేసే షాపుల్లో దీని ముక్కలు మిగిలిపోతుంటాయి, అడిగితే తక్కువకే ఇస్తారు. గోడలకు 5 మిల్లీమీటర్లది, కిటికీ చట్రాలకు 3 మిల్లీమీటర్లది సరిపోతుంది. మామూలు కట్టర్‌తో మూడు నాలుగు సార్లు గీస్తే తెగుతుంది. నీరు పీల్చదు, చెదలు ముట్టవు.

ఇటుకల గోడ కావాలంటే షీటు మీది నున్నటి పొరను 220 నంబర్ గరుకు కాగితంతో తీసేసి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీతలు నొక్కాలి. తొమ్మిదంగుళాల ఇటుక ఈ స్కేలులో 10 మిల్లీమీటర్లు, ఎత్తు 3 మిల్లీమీటర్లకు కాస్త పైన. ముందు స్కేలు పెట్టి అడ్డ వరుసలన్నీ గీసి, తర్వాత నిలువు గీతలు చేత్తోనే వేయండి. చేతి వణుకు వల్ల వచ్చే చిన్న తేడాలే దాన్ని నిజమైన గోడలా చూపిస్తాయి. ఒక సాయంత్రం కూర్చుంటే ఒక పక్క గోడ పూర్తవుతుంది.

అపోహ: ఏ జిగురైనా ఒకటే, గట్టిగా పట్టుకుంటే చాలు.

గ్లూ గన్‌తో అతికించినవి మార్చి దాకా బాగానే ఉంటాయి. ఏప్రిల్ ఎండకు ఆ జిగురు మెత్తబడి, ఒక రోజు మధ్యాహ్నం గోడలు నాలుగు వైపులా విడిపోతాయి. ఫెవిక్విక్ లాంటివి ముక్కను నిలబెట్టి ఉంచడానికి పనికొస్తాయి, ఏళ్ల తరబడి బయట ఉండే అతుకుకు కాదు. పీవీసీకి సరైనది నీళ్ల పైపులు అతికించే సాల్వెంట్ సిమెంటే. అది రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. పల్చగా రాయాలి, ఎక్కువైతే షీటు గుంట పడుతుంది. మూలల్లో లోపలి వైపు అదే షీటు నుంచి కోసిన చదరపు కడ్డీలు అతికించండి. పొడవు గోడ అయితే మధ్యలో అడ్డంగా ఒక బద్ద కూడా వేయాలి, లేకపోతే వేసవికి గోడ విల్లులా వంగుతుంది.

అపోహ: మన శత్రువు వానే.

రెంటచింతల ఎండల గురించి మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏటా నేను రిపేరు చేసే వాటిలో ఎక్కువ ఎండకు పోయినవే. మీటరు పొడవు పీవీసీ షీటు 40 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అందుకే పైకప్పును గోడలకు అతికించను. పెట్టెకు మూతలా పైన కూర్చోబెడతాను. లైట్లు రిపేరు చేసుకోవడానికీ అదే వీలు.

నల్లటి, ముదురు రంగు కప్పులు వద్దు. మే నెలలో వాటి మీద చెయ్యి పెట్టలేం, కింద షీటు మెత్తబడిపోతుంది. గోడలకు వేసే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ చిన్న డబ్బాలు కొని, కాస్త వెలిసినట్టుండే రంగులు కలుపుకోండి. ఎనామిల్ మెరుస్తుంది గానీ ఎండకు పెళుసై పెచ్చులూడుతుంది. రేకుల కప్పుకు కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా కత్తిరించి, రబ్బరు షీటు మీద పెట్టి రీఫిల్‌తో 3 మిల్లీమీటర్లకో గీత నొక్కితే సరిపోతుంది. తుప్పు పట్టదు. అంచులు బ్లేడులా ఉంటాయి, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లల్ని అసలే ముట్టుకోనివ్వద్దు.

త్రీడీ ప్రింటింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలుగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో ఉన్న తలుపు రెక్కకు ఆ వేడి మామూలే. బయట పెట్టేవి ఏఎస్ఏతో ప్రింట్ చేయించండి, అది ఎండకు తట్టుకునేలా చేసిన ప్లాస్టిక్.

అపోహ: సిమెంటుతో కట్టేస్తే శాశ్వతం.

ప్లాట్‌ఫారానికి, పునాదికి సిమెంటును మించింది లేదు. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక, మధ్యలో కోడి జాలీ. కానీ జాలీ లేని పల్చటి సిమెంటు గోడ బీటలిస్తుంది, కిటికీ చట్రాల దగ్గర ముందు పోతుంది. పైగా ట్రాక్ సరిచేయాల్సి వస్తే దాన్ని కదపలేం.

తేలిక బిల్డింగ్ గాలికి లేచిపోదా అని అడుగుతారు. లేచిపోతుంది. తుఫాను గాలికి నా సిగ్నల్ క్యాబిన్ ఒకటి పక్కింటి మామిడిచెట్టు కింద దొరికింది. ఇప్పుడు ప్లాట్‌ఫారం పోసేటప్పుడే రెండు స్టీలు బోల్టులు నిలబెడతాను. గోడల లోపలి బద్దలకు చిల్లులు పెట్టి వాటి మీద కూర్చోబెట్టి, రెక్కల నట్లు బిగిస్తాను. ఆ చిల్లులు బోల్టు కన్నా కాస్త పొడుగ్గా ఉండాలి, ఎండకు షీటు సాగుతుంది కాబట్టి. కప్పు మూత తీస్తే నట్లు చేతికందుతాయి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు స్టేషన్ మొత్తం పది నిమిషాల్లో ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.